మంగళారం దాకా

సోంపేట డయాలసిస్ గది వెనక
మందుల అట్టపెట్టెలు పక్కకి తోస్తే దొరికే మూల.
అక్కడే సర్వరు. అందులో రెండు డిస్కులు,
ఒకదాంట్లో రాసిందల్లా ఆ క్షణానే
రెండోదీ రాసుకుంటూ, ఐదేళ్లు.
క్రియాటినిన్ ఎంత, ఎవరికి, ఏ వారం,
ఎవరి పేరు పక్కన గడులు ఖాళీ అయ్యాయి, ఎప్పట్నించి,
అన్నీ రెండుసార్లు.

కిందది పదిరోజులుగా టిక్కుమంటోంది.
ఉప్పుగాలికి స్క్రూలే తుప్పు పట్టాయి, దాన్నేం అంటాం.

తొందరపడలేదు.
రాత్రంతా పూల్‌ని అక్షరమక్షరం చదివించాను.
నాలుగింటికి తెర మీద, పైదాంట్లో తప్పులు సున్నా.
అయినా ఇంకో నకలు తీసి సంచిలో వేసుకున్నాను,
ఏరిన బియ్యమే మా అమ్మ మళ్లీ ఏరినట్టు.

పేరు నమ్మకూడదిక్కడ.
కరెంటు పోయొస్తే రెండోది మొదటిదైపోతుంది.
ఒంటిమీద అచ్చేసిన నంబరే నిజం.
టార్చి పట్టుకున్నది వార్డు బోయ్, బల్లెడ లింగరాజు.
చదవమన్నాను. ఏడు, సున్నా, నాలుగు, తొమ్మిది.
మళ్లీ అడిగాను. విసుక్కోకుండా మళ్లీ చదివాడు.

విడదీసే ఆజ్ఞ టైపు చేసి
వేలు గాల్లో ఆపాను.

"ఓటి తీసేత్తే రెండోది బతుకుతాదా మేడమ్?"
"బతుకుతుంది. బరువంతా దానిమీదే మరి."
"అవునవును" అన్నాడు
చొక్కా మీంచి ఎడమపక్క తడుముకుంటూ.
ఇచ్చిన మూడేళ్లకే తమ్ముడు
మళ్లీ ఆ గదిలో మూడో మంచమెక్కాడని
నాకీ డిస్కులోంచే తెలుసు.
ఏం మాట్లాడాలో మాత్రం ఇందులో లేదు.

నొక్కాను.
తెర మీద ఒక వరస తగ్గింది.
దాంతోపాటు మిర్రర్ అన్న మాటా పోయింది,
ఒంటిదానికి అద్దమెందుకు.

వెంటనే లాగకూడదు.
లోపలి పళ్లెం తిరగడం ఆగాలి.
గూడ్సుబండి పోయి
నేల వణుకు తగ్గేదాకా చూశాం.
లింగరాజు చెవి ఆనించి,
"తొంగుంది" అన్నాడు.
మెల్లగా లాగాను. వెచ్చగా ఉంది,
పొదిగే కోడి కిందనుంచి తీసిన గుడ్డులా.
టేపు మీద తేదీ వేసి
పాడు అని రాయబోయి
కిందది అని రాశాను.

కొత్తది విశాఖ నుంచి మంగళారం.
అందాకా ఒక్క పచ్చదీపం.

పోతూ పోతూ లింగరాజు
సర్వరు మీద ఎవరో వదిలేసిన టీ గ్లాసు తీసి
కిటికీలో పెట్టాడు.