విరిగిన చోటు

ఆ రోజుల్లో జట్టుకి ఇరవయ్యొక్క మందిమి.
క్లూన్‌బెగ్ చిత్తడి పొలంలో
ఆవుల్ని తోలేసి ఆడేవాళ్లం.
మాలకీ డెవానీ భుజం తగిలి
నా మెడకింది ఎముక పుల్లలా విరిగింది.
వాడు ఆగలేదు. గోలు కొట్టాడు.

తర్వాత డబ్లిన్‌లో వైద్యం చదివాడట.
ఇన్నేళ్లకి, వానలో, సైకిలు గోడకానించి
నా దగ్గు వినడానికొచ్చాడు.
చొక్కా విప్పాను.
స్టెతస్కోపు ఛాతీమీద పెట్టబోయి
వాడి వేళ్లు
ఆ వంకర బొడిపె దగ్గర ఆగిపోయాయి.

"ఎవరు కట్టారిది?"
"మా అమ్మ. పిండిసంచి గుడ్డతో."
"సరిగ్గా కట్టలేదు."
"సరిగ్గా విరగ్గొట్టావు మరి."

పొయ్యిలో పీట్ పెళ్ల నుసిగా కూలింది.
ఫీజు వద్దన్నాడు,
రెండు గుడ్లు మాత్రం జేబులో వేసుకున్నాడు.
గుమ్మంలో వెనక్కి తిరిగి
"అది ఫౌలు కాదు" అన్నాడు.

నేనెప్పుడన్నాను?