నడిమి బంతి

సంతకాల గడువు సాయంత్రం ఆరింటికి.
ఐదూ యాభైకి కూడా నాకు జోడీ లేదు.
రావాల్సిన పిల్ల గుంటూరులో జ్వరంతో పడుకుంది.
బల్ల దగ్గర ఒక పొడుగాటి మనిషి,
ఎండకు ముక్కు మీద పొర ఊడి,
తాష్కెంటు నుంచి వచ్చిందట.
ఆమెకీ ఎవరూ లేరు.

పేరు దిల్నోజా.
నా పేరు చెంచురత్నం అంటే
రెండుసార్లు తడిమి, నవ్వి,
'చెంచూ' దగ్గర ఆగిపోయింది.
మా తాత కూడా అక్కడే ఆగేవాడు.

డ్రా కాగితంలో మా పేర్ల నడుమ
ఒక ఏటవాలు గీత.
అంతకు మించి చుట్టరికం లేదు.

రాత్రి ట్రంకు రోడ్డు పక్క మెస్సులో
ఆమెకు రెండు మాటలు నేర్పాను.
నీది. నాది.
డబుల్స్‌కి ఇంకో భాష అక్కర్లేదు.
పులుసు బకెట్టుతో నిలబడి విన్న మస్తానయ్య
"ముందు 'చాలు' నేర్పు మే ఆ బిడ్డకి,
ఇందాకట్నించి పోస్తానే ఉండా" అన్నాడు.
ఆమె చేపముక్క మీంచి మామిడి టెంక తీసి
అదేమిటో తెలియక, జాగ్రత్తగా
నా ఆకులో పెట్టి
"నీది" అంది.

మార్చి మొదటి వారం.
తొమ్మిదికే నెల్లూరు ఎండ కోర్టును పెనం చేసింది.
గూడూరు వైపు మట్టి కదా, అభ్రకం కలిసి ఉంటుంది,
బంతి లేచిన చోటల్లా ఒక చిన్న మెరుపు.
చూసేవాళ్ళు పదకొండు మంది.
అందులో ముగ్గురు మా తర్వాత ఆడాల్సిన వాళ్ళు.

ఆమె సర్వీసు చేసేటప్పుడు
నేను నెట్ దగ్గర, ఆమెకు వీపు పెట్టి,
వీపు వెనక వేళ్ళతో మాట్లాడతాను.
చూపుడు వేలు: అడ్డం దూకుతా.
పిడికిలి: కదలను.
అరచెయ్యి: దూకేట్టు నటిస్తా, నమ్మొద్దు.
నా ముఖం ఎదుటివాళ్ళది,
నిజం మాత్రం ఆమెది.
ఊళ్ళో ఇంకెక్కడైనా
నిన్నటి మనిషిని వీపు వెనక నిలబెట్టుకుంటానా?

మొదటి సెట్లో ఒక సర్వీసు
సరిగ్గా నా మెడ కింద తగిలింది.
కళ్ళల్లో నీళ్ళు. వెనక్కి తిరగలేదు.
వెనకనుంచి సన్నగా
"నాది" అని వినపడింది.
తప్పు, అని.
ఆ మాటకు ఆ అర్థం నేను నేర్పలేదు.

చెరో సెట్టు. సూపర్ టైబ్రేక్.
ఎనిమిది, తొమ్మిది. మేమే వెనక.
పుణె పిల్లల్లో ఆ ఎడమచేతి అమ్మాయి
ఎత్తుగా కాదు, బలంగా కాదు,
ఇద్దరి నడుమకు పంపింది బంతిని.
నేను "నీది!" అన్నాను.
అదే క్షణాన ఆమె "నీది!" అంది.

పళ్ళెంలో ఆఖరి మలైకాజా
ఇద్దరు చుట్టాల మధ్య మిగిలినట్టు,
మర్యాదగా, ఎవరికీ తగలకుండా
మా మధ్యనుంచి వెళ్ళి
చివరి గీత మీద సున్నం లేపి ఆగింది.

ఆమె మాటలు తారుమారు చేసిందో
నిజంగానే నాకు వదిలిందో
అడగలేదు.
అడిగేందుకు మా దగ్గర ఉన్నవి రెండే మాటలు.

తొలి రౌండు ఓడిన జోడీకిచ్చే డబ్బులో
పన్ను పోగా, సగం చేస్తే,
రాకెట్ తీగలకైనా చాలదు.
చిల్లర పది రూపాయలు
ఆమె నా వైపు, నేను ఆమె వైపు
కాసేపు తోసుకున్నాం.
రాత్రి బండికి ఆమె చెన్నై వెళ్ళిపోయింది.
వచ్చే వారం ఆ ఏటవాలు గీతకు అవతల
ఇంకెవరో ఉంటారు.

పొద్దున్నే కోర్టుకు వెళితే
శీనయ్య ఇంకా మట్టి సరిచెయ్యలేదు.
"ఇంతకీ ఆ బంతి ఎవురిదమ్మా?" అన్నాడు,
రాత్రంతా అదే ఆలోచించినవాడిలా.
అతని చేతిలోంచి లాగుడు వల తీసుకుని
నా సగం చదును చేశాను.
ఆమె సగం దగ్గర కాసేపు నిలబడి
అదీ చేశాను.

బంతి పడిన గుర్తు
నడి గీతకు ఏ పక్కన ఉందో
కావాలనే చూడలేదు.