కెరమెరి ఘాటు, తెల్లారగట్ల

హన్మకొండల రాత్రి రెండింటికి బయలెల్లినం.
మంచిర్యాల దాటినంక
అద్దం మీది మంచు తుడుసుడే పనాయె మొగిలికి.
ఆసిఫాబాద్‌ల చాయ దుకాణపాయన
గ్లాసులు చేతికిచ్చుకుంట
"ఆరు డిగ్రీలట సారు, గీ చలిల ఫొటోలా?" అన్నడు.
ఎవ్వలం జవాబు చెప్పలే.

వెనక సీట్ల ఇద్దరు.
క్రాంతి, భూపాలపల్లి బొగ్గుబాయిల పని.
ఉదయశ్రీ, ఎంజీఎంల నర్సు,
డ్యూటీ దిగి మూడు గంటలన్న పండలే.
నిశ్చితార్థమై పదకొండు రోజులు.
ఇద్దరి నడుమ
సుబేదారిల కిరాయికి తెచ్చిన ఎర్ర గౌను
ప్లాస్టిక్ కవర్ల
మూడో మనిషి లెక్క కూసున్నది.

ఘాటు మలుపుల కారు ఆపితే
కింద లోయ లేదు.
ఎవరో పత్తంత ఏరి కుప్పపోసి
తూకం మర్చి పోయినట్టు
మంచు.
టేకాకుల మీంచి బొట్టు బొట్టు,
చప్పుడు వానదే, వాన మాత్రం లేదు.

"తమ్మీ, జర దగ్గరికి. చెయ్యి నడుం మీద.
చెల్లె, గదుమ పైకి.
చలి లేనట్టు చూడు."
ఇరవై ఏండ్ల సంది అంటనే ఉన్న ఈ మాట,
లేనట్టు చూడుమని.
ఆమె చేతుల మీద రోమాలు లేసి నిలబడ్డయి,
పెదవులు నేరేడు రంగుకొచ్చినయి.
రంగు తర్వాత సరిచేస్త అనుకున్న.

మా నాయిన స్టూడియోల
పర్దా మీద మంచుకొండలు గీసి ఉండేటియి.
వాటి ముందర ప్లాస్టిక్ పూలు పట్టుకోని
ఎంతమంది పిల్లలు నిలబడ్డరో.
ఒక్కలు గూడ వణకలే.

ఏడో ఫొటోకు బ్యాటరీ సచ్చింది.
చలికి గంతే అది.
తీసి చంకల పెట్టుకోని
కోడిపెట్ట లెక్క పొదుగుకుంట నిలబడ్డ.

అప్పుడు, క్రాంతి
కిలోమీటరు రాయి మీద కూసోని
బూట్లిప్పి, సాక్సులు గుంజి
ఆమె దిక్కు చాపిండు.
ఏం అనలే.
ఆమె వాటిని అటిటు తిప్పి చూసింది,
కట్టు విప్పి పుండు చూసే చూపుతోని.
మడిమె కాడి చిల్లుల వేలు పెట్టి ఆడించి
నవ్వింది.
రాత్రి నించి అదే మొదటి నవ్వు.
నా చేతిల ఖాళీ కెమెరా.

పత్తేర పోయే ఆటో ఒకటి ఆగి ఉండె మలుపు కాడ.
దిగినోళ్లు కందికట్టె మంట పెట్టుకున్నరు.
ముసలామె ఒకామె గోండిల ఏదో అన్నది.
మాట తెల్వలే, చెయ్యి తెలిసింది.
పోయి కూసున్నరు ఇద్దరు,
క్రాంతి ఉత్త కాళ్లు మంటకు పెట్టి.
నిప్పురవ్వ పడొద్దని
పదేండ్ల పోరి ఒకతి గౌను తోక ఎత్తి పట్టుకున్నది
రెండు చేతులతోని,
పత్తి మూట పట్టినట్టు.

బ్యాటరీ పన్నెండు శాతం లేసింది.
పరీక్షకని నొక్కిన.
ఫోకస్ పొగ మీద పోయింది.
రెండు వీపులు, ఎర్ర బట్ట, పోరి మోచేతులు.

తర్వాత ఎండొచ్చింది. లోయ తేలింది.
రెండొందల అరవై తీసిన, మంచిగనే వచ్చినయి.
సాక్సులు గౌను కింద, ఎండ్లనూ కనబడవు.
ఆల్బంకు వాళ్ల మేనమామ ఏరినయన్ని
ఎండొచ్చినంక తీసినయే.
పొగ ఫొటో ఆయనకు చూపియ్యలే.
కార్డుల మాత్రం ఉంచిన,
ఎందుకో అడిగితే చెప్పరాదు.

తిరుగు తొవ్వల
వాళ్లిద్దరు కిటికీలకు తలలానిచ్చి పండుకున్నరు,
ముందు సీట్ల మొగిలి
గౌను ఒళ్లె వేసుకోని అంచుకంటిన గడ్డిముండ్లు
ఒక్కొక్కటే పీకుకుంట, తిట్టుకుంట.
పీకంగ పీకంగ ఒక పత్తి పోగు గూడ వచ్చింది,
దాన్ని పారెయ్యలే, అంగీ జేబుల పెట్టుకున్నడు.

దుకాణపాయన గౌను ముక్కు కాడ పట్టుకోని
"ఏందిది, పొగ వాసన?" అన్నడు.
అడ్వాన్సుల మూడొందలు కోసిండు.
ఎర్ర గౌను మళ్లా హ్యాంగరెక్కింది,
ఎల్లుండి ఇంకెవరికో ఉన్నదట,
లక్నవరం కాడ.