తాలు

సున్నా నుంచి పది దాకా ఒక థర్మామీటరు బొమ్మ.
గత వారం మీ మనోవేదన ఎంత, ఒక అంకె చెప్పండి
అని దాని కింద అచ్చేసిన వాక్యం
గుంటూరులో ఎవరూ మాట్లాడని తెలుగు.

మూడేళ్ల కార్యక్రమం. రెండు వందల పన్నెండు ఫైళ్లు.
మనసు కుదుటపడిందా లేదా తేల్చమని
నన్ను పిలిచారు, రోజుకింత అని.
పాత ఎక్స్‌రే గదిలో బల్ల వేశారు,
గర్భిణులు లోనికి రారాదని తలుపు మీద ఇంకా బోర్డు.
కౌన్సెలర్ హిమజకి నాలుగు నెలలుగా జీతం లేదు.
ఆ సంగతికి నా ఫారంలో గడి లేదు.

మొదటి రోజు పానకాలు, ఆటో నడిపేవాడు,
సగం నాలుక పోయాక పలక మీద రాశాడు:
"పదికి పైన లేదా?"

తర్వాత సలోమి.
ఏటుకూరు రోడ్డు కోల్డ్ స్టోరేజీల్లో
పంతొమ్మిదేళ్లు మిరపకాయలకు తొడిమలు తీసింది.
రొమ్ము తీసేసిన చోట చెయ్యి పెట్టుకుని
"అంకెలు నాకేం దెలుసమ్మా,
కాయ రకం చెప్పమంటావా" అంది.

చెప్పమన్నాను.
"ఇయ్యాల బాడిగ. రంగే గాని కారం లేదు.
ఎర్రమందు ఎక్కించిన రాత్రి మాత్రం తేజ,
కళ్లల్లోంచి, ముక్కుల్లోంచి.
మనవడు ఒళ్లోకి రాబోయి ఆగిపోయాడు చూడూ,
ఆ రోజుది తేజకి కూడా పైన,
దానికి ఇంకా యార్డులో పేరు పెట్టలా."

పక్కన పెన్సిలుతో రాసుకున్నాను.
బాడిగ మూడు. సన్నం ఆరు. తేజ తొమ్మిది.
మురిసిపోయాను కూడా, పద్ధతి దొరికిందని.

ఒక్కొక్కరితో నాలుగుసార్లు కూర్చోవాలి.
ఫిబ్రవరి వచ్చింది, యార్డులో బస్తాలు దిగాయి,
బుధవారాలు గది ఖాళీ.
రానివాళ్లంతా "మధ్యలో మానేసినవారు", ఒకే గడి.
కూలి దొరికినవాళ్లు,
బస్సు చార్జీ దొరకనివాళ్లు,
ఉర్సు ముందు రోజు పోయిన షేక్ బాజీ.
బాజీ నంబరు ఇప్పటికీ మోగుతుంది.
వాళ్లమ్మాయి ఎత్తి, ఎవరండీ అని,
నేను పొరపాటని చెప్పినా చాలాసేపు పెట్టేయదు.

సలోమి మాత్రం వచ్చింది నాలుగోసారి, ఆలస్యంగా,
కొంగు నిండా కోరుతో.
హిమజ తుమ్మింది, నేను తుమ్మాను.
ఆమె తుమ్మలేదు.
ఇయ్యాల ఏ కాయ, అని అడిగాను.
తలుపు మీది బోర్డు వంక చూస్తూ కూర్చుంది.
"తాలు" అంది.

ఎరుపెక్కకుండానే ఎండిపోయిన కాయ.
తెల్లగా, తేలిగ్గా,
ఏరి అవతల కుప్పలో పడేసే కాయ.
మంట లేదంది. ఏడుపు రావట్లేదంది.
మనవడు ఒళ్లో కూచున్నా
ఎవరి పిల్లోడో అన్నట్టు ఉందంది.

నా పట్టికలో తాలు లేదు.
విజయవాడ బస్సుకి టైమైంది.
మంట లేదంది కదా అని
సున్నా వేశాను.

నివేదికలో ముప్పై ఒకటో పేజీ:
తొమ్మిది నుంచి సున్నాకి,
అందరిలోకీ ఆమెదే ఎక్కువ మెరుగు.
తెర మీద ఆ గీత
ఫ్లైఓవరు దిగే ఆటోలా నున్నగా జారింది.
చప్పట్లు కొట్టారు. టీ ఇచ్చారు. రెండో విడతకి డబ్బిస్తామన్నారు.

ఆ రాత్రి రబ్బరు తీసుకుని కూర్చున్నాను.
అచ్చు చెరగదు.

హిమజకి ఫోను చేసి, ఆ సున్నా తప్పు అన్నాను.
తెలుసు, అంది.
ఆ మర్నాడే ఏటుకూరు రోడ్డుకి వెళ్లిందట.
ఫారం లేదు, పెన్ను లేదు,
పట్టా మీద ఆమె పక్కన చతికిలబడి
మధ్యాహ్నం దాకా తొడిమలు తీసిందట.
వేళ్లు ఇంకా మండుతున్నాయట.

ఏమైనా మాట్లాడిందా?

"చివర్లో ఒక్క మాట.
కాయలన్నీ ఇరిచేస్తన్నావు, లేచి అవతలికి పో, అంది."

కోపంగానా?

"బాగా."