మూడు తెల్ల వెంట్రుకలు

తొడలో దిగాల్సిన మత్తుసూది
కడుపులో దిగింది.
తుపాకీ నాది, వేలు నాది.
ఆ క్షణాన దుప్పి ఒక్కడుగు వెనక్కేసిందని
రిజిస్టర్లో రాసుకోవచ్చు.
రాయలేదు.

చిలుకూరు దాటాక అడవి, మార్చి నెల, పొద్దున ఆరున్నర.
కొమ్ములకు కంచె తీగ చుట్టుకుని
నాలుగు రోజులుగా మేత ముట్టని మగదుప్పి.
తీగ కోసి వదిలేద్దామని వచ్చాం.
ఇంత చిన్న పని.

గన్ పేలిన చప్పుడుకి కుర్ర గార్డులు ఉరకబోయారు.
షరీఫ్ వాకీటాకీలో అప్పుడే మూడు గేట్లకి చెప్పేశాడు.
ఈదన్న మాత్రం నా చొక్కా చెయ్యి పట్టుకుని
"కూసో మేడమ్" అన్నాడు.
"ఉరికితే అది ఉరుకుతది.
కూసుంటే అది కూసుంటది."

ఈదన్నది నల్లమల. ఇక్కడ రోజుకూలీ వాచర్.
విల్లు ఇంట్లో ఉందట,
కోడలు దాని మీద చీరలు ఆరేస్తుందట.

గడ్డిలో దులిపి దులిపి సూదిని వెతికి తెచ్చాడు.
ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. నా ముక్కు దగ్గరా పెట్టాడు.
నమిలిన ఆకు వాసన, పులిసిన గంజి వాసన.
సూది మొదట్లో అంటుకున్న మూడు వెంట్రుకలు తీసి
నా అరచేతిలో వేశాడు.
"ఎర్రయి అయితే వీపు. ఇవి తెల్లయి. పొట్ట."

తర్వాత, ఎవరూ అడగకుండానే, నేల చూస్తూ:
"బాణమైనా గింతే మేడమ్.
నెత్తురు నురుగొస్తే ఊపిరితిత్తి, ఆ పొద దాటదు.
నల్లగ చిక్కగుంటే కార్జం, ఒక చుట్ట కాల్చి లే.
పసరు వాసనొచ్చిందా,
పొద్దూకేదాంక కదలొద్దు.
అది అక్కడ నొప్పి పడుతుంటది,
నువ్విక్కడ సిగ్గు పడుతుండాలె."

మాకు పొద్దూకేదాకా ఆగే వీల్లేదు.
సగం ఎక్కిన మత్తు పూర్తి మత్తు కన్నా చెడ్డది.
నలభై నిమిషాలు కూర్చున్నాం.
గోడ అవతల రింగురోడ్డు మీద లారీలు.
శిక్షణలో నేను కొట్టిన గోనెసంచి గుర్తొచ్చింది.
వంద సార్లు కొట్టాను.
అది ఒక్కసారీ వెనక్కి అడుగు వేయలేదు.

లేచాక, దారంతా రాలిన మోదుగుపూలు.
ఎర్రగా కనబడ్డ ప్రతిదాని దగ్గరా నేను వంగాను.
ప్రతిసారీ పువ్వే.
ఈదన్న పూల వైపు చూడనే లేదు.
తడి పక్క పైకి తిరిగిన గులకరాయి.
తెగిన సాలీడు దారం.
గిట్ట ఎత్తలేక ఈడ్చిన గీత.

గీత బండ మీద ఆగిపోయింది.
"చెప్పు ఇడువు" అన్నాడు. విడిచాను.
చివరి గుర్తు మీద దాన్ని పెట్టి
చుట్టూ సున్నాలా తిరిగాడు, ఇంకో సున్నా, ఇంకా పెద్దది.
ఒంటి చెప్పుతో నేను, వెనక,
పల్లేరుకాయలు లెక్కపెట్టుకుంటూ.

గోడ వారన నిలబడి ఉంది.
తల వేలాడేసి, నాలుగు కాళ్లు నాలుగు వైపులకి చాపి,
నిద్రకీ భయానికీ మధ్య.
నన్ను చూసింది. ఎవరని చూసిందో.
రెండో సూది తొడలోనే దిగింది.
దానికి ఎవరూ శభాష్ అనలేదు, అనకపోవడమే మంచిదైంది.

తీగ కోశాం. పొట్ట కడిగాం, మందు పొడిచాం.
చెవి మీద చెయ్యి వేస్తే వెచ్చగా ఉంది.
"నీది ఎప్పుడైనా తప్పిందా ఈదన్నా?"
కట్టర్ తుడుస్తూ చాలాసేపు తుడిచాడు.
"ఒకటి. మూడో నాడు కాకులు సూపెట్టినయి.
మా అయ్య ఆ రేత్రి నాకు బువ్వ పెట్టనియ్యలే.
తనూ తినలే."

లేచిన దుప్పి తూలుతూ పొదల్లోకి పోయింది.
బతుకుతుందా అని షరీఫ్ అడిగాడు.
కడుపు సంగతి, పది రోజులైతే కానీ తెలియదన్నాను.
చెప్పు కోసం వెళ్తే
అందులోకి అప్పుడే చీమలు చేరాయి.

పదకొండో రోజు మెహిదీపట్నం సిగ్నల్ దగ్గర ఉండగా ఫోన్.
"మేడమ్, పెంటిక జూసిన. నల్లగ, గుండ్రంగ, గట్టిగనే ఉంది."
"అదే దుప్పిదని ఎట్లా తెలుసు?"
ఫోన్లో కాసేపు అడవి గాలి.
నవ్వాడో, చుట్ట వెలిగించుకున్నాడో.
వెనక ఆటోవాడు హారన్ కొడుతున్నాడు.