మహేంద్రగిరి మునిగీదాకా

కూకో బాబూ. ఆ పలక మీద కాదు, తడి.
పెట్టె సెడిపోనేదు.
తీగె నానే పీకినాను.

నీ కాయితంలో రాసుకో,
సూరాడ దానయ్య, బారువ.
కారణం అని ఒక గడుందే,
అది మరీ సిన్నది. నా కారణం అందులో పట్టదు.

దూరాన్ని కొలవడం మా అయ్య నేర్పినాడు.
ముందర ఒడ్డు మీది సరుగుడు మునుగుతాది,
ఆనక దీపస్తంభం, నడుందాకా, మెడదాకా,
ఆఖర్న మయేంద్రగిరి.
కొండ మునిగినాక ఎనక్కి సూడకురా, అనీవోడు,
ఆపైన నువ్వు ఎవుడి కొడుకువీ కాదు,
ఎవుడికీ బాకీ నేవు.

ఆ అయ్యే పోనాడు,
నాను ముప్పై బారల నీట్లో వలేసుకున్నప్పుడు.
నాకు తెల్దు.
రెండు రాత్రులు నాకు తెల్దు.
ఊళ్ళో బూడిద సల్లారిపోతంటే
నావ మీద నాను బీడీ కాలస్తన్నాను,
వంజరం తలకాయ అయ్యకని
తడి గోనెలో సుట్టి దాస్తన్నాను.
ఊరందరికీ సచ్చిపోనోడు
నాకొక్కడికీ రెండ్రోజులు ఎక్కువ బతికినాడు.

కొండ తేలింది. దీపస్తంభం తేలింది.
ఇసకలో మనుసులు కేకెయ్యకుండా నిల్సున్నారు,
అప్పుడు తెలిసినాది.
కబురు నాకోసం ఒడ్డున కూకుంది బాబూ,
తలకి తువ్వాలు సుట్టుకుని, నోరు మూసుకుని,
నాను దిగీదాకా.

మరి అమ్మ.

పెట్టె బిగించి నెల కానేదు.
కొండ మునిగి ఒక పగలూ ఒక రాత్రీ.
రాజారావుగాడి ఫోను టింగుమంది.
నాకు అచ్చరాలు రావు. ఆడు సదివి
మాటాడకుండా ఇంజిను కేసి సూసినాడు.
"ఏట్రా?" అన్నాను.
బోటులో ఐదుగురం.
నలుగురికీ నాకంటే ముందర తెలిసిపోనాది.

కబురుకి రెండు రెప్పపాట్లు,
బోటుకి పదమూడు గంటలు.
ఇంక దూరం నేదని మీ ఆఫీసోళ్ళు మైకులో సెప్పినారే,
ఆ పదమూడు గంటలూ ఏటి మరి?
సంద్రం అంత ఎడల్పని పుట్టి బుద్దెరిగి నాను సూడ్నేదు.
నీళ్ళు కోసుకుంటా ఎల్తన్నాం, నీళ్ళు తరగవు.
అప్ప మెసేజి మీద మెసేజి పెట్టిస్తంది.
తానం సేయించేసినాం.
ఎండెక్కిపోతంది.
ఇంక ఆపలేం తమ్ముడూ.
ఒకోటీ రాజారావు సదవడం, నాను తలూపడం.

ఎక్కడికెల్లి ఏడవను? ముప్పై అడుగుల బోటు.
అందరూ నాకేసి సూడకుండా సూస్తన్నారు.
ఒకప్పుడు పదిమందిలో కూకుని కూడా
నాను ఒక్కణ్ణే ఉండగలిగీవోణ్ణి,
ఆ ఇద్దె పోనాది.

సరుగుడు తేలీసరికి
దాని మీద సన్నటి పొగ.
దాన్ని ఎవులూ సదివి సెప్పక్కర్నేకపోనాది.

తీగె పీకింది ఆ రాత్రే.

అలాగని నాను మొండోణ్ణి కాను.
మొన్న కార్తీకంలో గాలి లేచినప్పుడు
పక్క బోటు తాతారావు గుడ్డ ఊపబట్టి బతికినాం.
ఆడి పెట్టె మోగినాదంట, మాది మోగనేదు.
నా గుంట రోహిణి రెండు పూటలు కూడు ముట్నేదు,
ఫోనులో నా సుక్క కనపడక.
అదేటో పటం, నీలంగా ఉంటాది, సూసినాను,
అందులో నాను ఆవగింజంత.
ఆ సుక్క నేపోతే దానికి నాను నేనట్టే.

ఒకటి మాత్తరం నిజం.
ఎనకటికి ఒడ్డెక్కితే సెప్పడానికి కబుర్లుండీవి,
ఏ సొర వల సింపినాదో, ఏ సుక్క రాలినాదో,
మా ఆడది పొయ్యి కాడ ఊకొట్టీది.
ఇప్పుడు రేవు ముట్టకముందే
సేప రేటు కూడా దానికి తెలుసు.
ఇంటికెల్లి కాళ్ళు కడుక్కుంటాను.
ఇద్దరం టీవీ కేసి సూస్తాం.

బాబూ, ఇందులో మీటేదైనా ఉంటాదా?
తుపాను కబురు తిన్నగా నాకాడికి రావాల,
సావు కబురు ఒడ్డున
తువ్వాలు సుట్టుకుని కూకోవాల.

నేదా.

సరే, బిగించీ.
కారణం గడిలో ఎలకలు కొరికినాయని రాసీ.
గుంట టీ తెస్తంది, తాగి ఎల్లు.