కూసే రీలు

సెప్టెంబరు ఆఖరి శుక్రవారం.
గోర్ ఊళ్ళో వాన పైనుంచి పడదు, పక్కనుంచి కొడుతుంది.
తలుపు తోసుకుని నెట్టా కాల్డర్ లోపలికొచ్చింది,
ఉన్ని వాసన ఆమెకంటే ఒకడుగు ముందు.
పదిహేడేళ్ళుగా గొర్రెల కొట్టాల్లో ఉన్ని ఏరిన చేతులు,
ఆ జిడ్డుకి పసిపిల్ల చేతుల్లా మెత్తబడ్డాయి.
గాజుబల్ల మీద నోట్లు పరిచింది.
తొంభై డాలర్లు, పైన కొంత చిల్లర.
"మంగళవారం నది తెరుస్తారు.
దీనికెంత రీలొస్తే అంత చూపించు."

మా యజమాని పర్డీ నేర్పిన పాఠం నాకు కంఠతా వచ్చు:
ముందు ఖరీదైనది చేతిలో పెట్టు,
తర్వాత ఏది పెట్టినా చెయ్యే వెలితి పడుతుంది.
పెట్టాను.
ఒకే అల్యూమినియం దిమ్మెలోంచి తొలిచింది,
లోపల బిగువుకి కార్బన్ బిళ్ళలు,
ఉప్పునీళ్ళు చొరబడని మూత.
(సముద్రం ఇక్కడికి గంట దూరం. ఆమె అటు పోదు.)
పిడి తిప్పింది. వెన్నలో వేలు తిరిగినట్టు తిరిగింది.
"ఆగిపోయిందా?"
"లేదండీ, తిరుగుతోంది."
"మరి మాట్లాడదేం?"

అప్పుడు చూశాను, ఎడమ చెవి నావైపు తిప్పి నిలబడింది.
కుడి చెవిని కత్తిరింపు యంత్రాలు ఎప్పుడో తినేశాయి.

నాలుగొందల డాలర్ల రీలు పెట్టెలో పెట్టేశాను.
మౌనానికే ఎక్కువ ధర మా కొట్లో.

ముప్ఫై తొమ్మిదిది ప్లాస్టిక్కు.
రాయి మీద ఒక్కసారి జారితే రెండు ముక్కలు,
ఆ మాట నేనే చెప్పేశాను.
ఇంకోటీ చెప్పాను, పర్డీ వెనకగదిలో టీ కాచుకుంటున్నాడని చూసి:
రెండు పౌన్ల ట్రౌట్‌కి రీలు చేసేదేం లేదండీ,
దారం దాచుకునే డబ్బా అది.
డబ్బు దారంలో పెట్టండి, గాలిలో తిరిగేది అదే.

ఆమె వినలేదో, విని ఊరుకుందో.
అడుగు అరలో అచ్చుపోసిన నల్లరీలు మీద వేలు పెట్టింది,
అరవై రెండు,
లోపల ఒక పళ్ళచక్రం, దాన్ని గీరే ఒక ఇనప నాలుక,
అంతే యంత్రం.
తీసి దవడ ఎముకకి ఆనించుకుంది.
కళ్ళు మూసుకుని దారం కొస లాగింది.

గిర్ర్ర్ర్ర్.

పర్డీ కప్పుతో బయటికొచ్చాడు.
పిట్ట కొంచెం, కూత ఘనం.

"పోయినేడు," అంది కళ్ళు తెరవకుండానే,
"గడ చంకలో పెట్టుకుని బూటు తాడు కట్టుకుంటున్నా.
తాడు ముడి పడేలోపు
చేప నా దారం మొత్తం విల్లో వేళ్ళకి చుట్టేసింది.
ఆ రీలు నీ మొదటిదాని లాంటిదే. పెద్దమనిషి.
కొంప మునుగుతున్నా నోరెత్తలేదు."

మిగిలిన ఇరవై ఎనిమిదికి దారం రాదు.
నిరుటి రంగుది ఒకటుంది, కప్ప పచ్చ,
ఎవరూ కొనక అద్దంలో ఎండకి పెట్టె వెలిసింది.
ఇరవై ఎనిమిదికే అని నోరు జారాను.
పర్డీ నన్ను చూశాడు, దారాన్ని చూశాడు,
టీ ఊదుకున్నాడు.

డిసెంబరు. పొద్దు తొమ్మిదింటికి కూడా గుంకనంటుంది.
మటౌరా మీద పురుగులు బూడిదలా లేస్తున్నాయి,
వంపు ఇవతల నేను, మోకాలి లోతులో,
అవతల ఎవరున్నారో విల్లోలు చూడనివ్వవు.

గిర్ర్ర్ర్ర్ అని
నీళ్ళమీదుగా వచ్చింది,
ఆగింది, మళ్ళీ అందుకుంది, ఇంకా పైకి,
ఒడ్డున బాతులు లేచిపోయాయి.

తర్వాత చప్పుడు లేదు.
తర్వాత ఒక బూతు, స్పష్టంగా, చెవి సరిగా వినపడని మనుషుల గొంతుతో.

తెగినట్టుంది.

నా గాలం నీళ్ళలో మునిగిపోయిందని మర్చిపోయి నించున్నాను.
కాసేపటికి టిక్కు, టిక్కు, టిక్కు,
తీరిగ్గా,
ఖాళీ దారం చుట్టుకుంటున్న చప్పుడు.